అత్తకు బట్టలు పెట్టిన రోజు

పొద్దున ఐదూ ఇరవైకి నల్లిలో నీళ్ళు వచ్చాయి. ఎనిమిది రోజుల తర్వాత వచ్చాయి. ముందు గొట్టంలో గాలి చప్పుడు, తర్వాత కాసేపు ఎర్రనీళ్ళు, ఆ తర్వాత మంచివి. నేను మెలకువగానే ఉన్నాను కానీ లేవలేదు. అత్త లేచింది. డ్రమ్ము, బిందెలు, బకెట్లు వరసగా నింపింది. చివర్లో చెంబులు కూడా నింపి, వంటింటి గడప దగ్గర నిలబడి, "నీళ్ళు వచ్చిండాయి" అంది. నాతో అనలేదు. గోడతో అన్నట్టు అంది.

ఆ రోజు నేను ఒక నోటుబుక్కు మొదలుపెట్టాను. అందులో రాసిన మొదటి మాటలు: "నీళ్ళు వచ్చాయి. అత్త పట్టింది." మూడోది రాయాల్సి ఉంది. తోచలేదు. అంకె వేసి వదిలేశాను.

అత్త అంటే నా భార్య తల్లి. నా భార్య పోయి అప్పటికి నాలుగు నెలలు. జబ్బు సంగతి తెలిసినప్పుడు అత్త తన బిడ్డను చూసుకోవడానికని సండూరు తాలూకాలోని తన ఊరు బండ్రి నుంచి ఒక సంచితో వచ్చింది. ఏడు నెలలు చూసుకుంది. బిడ్డ పోయాక పదకొండో రోజుకు చుట్టాలందరూ వెళ్ళిపోయారు. అత్త వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మాకు పిల్లలు లేరు. సత్యనారాయణపేటలోని ఆ రెండు గదుల ఇంట్లో మేమిద్దరం మిగిలాం.

మా ఇళ్ళల్లో అత్తా అల్లుడూ ఎదురెదురుగా మాట్లాడుకోవడం తక్కువ. ఇరవై ఆరేళ్ళు మా మధ్య మాటలు నా భార్య మీదుగానే నడిచాయి. "మీ ఆయప్ప రొట్టె తింటాడా, సంగటి తింటాడా అడుగు" అనేది అత్త. నేను పక్క గదిలోనే వింటూ ఉండేవాణ్ణి. "రొట్టె చాలని చెప్పు" అనేవాణ్ణి. నా భార్య మధ్యలో నిలబడి, "మీ ఇద్దరికీ నోర్లు లేవా? నేనేమన్నా పోస్టాఫీసా?" అనేది. ఆమె పోయాక మా మాటలకు దారి లేకుండా పోయింది. అత్త ఎవరినీ ఉద్దేశించకుండా మాట్లాడటం నేర్చుకుంది. "సంగటి అయ్యింది." "పాలు ఇరిగిపోయిండాయి." "దుమ్ము వస్తాండాది, కిటికీ." నేను లేచి వెళ్ళి తినేవాణ్ణి, లేదా కిటికీ మూసేవాణ్ణి. అంతకంటే మాకు అవసరం రాలేదు.

నేను ఒక కాలేజీ లైబ్రరీలో పని చేస్తాను. ముప్పై ఏళ్ళుగా పుస్తకాల మధ్యనే ఉన్నాను. దుఃఖం గురించి రాసినవి తెలుగులో, కన్నడలో, ఇంగ్లీషులో చాలానే చదివాను. నాకు వచ్చినప్పుడు అవేవీ పనికి రాలేదు. ఆ ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం ఒకే పేజీ తెరిచి పెట్టుకుని లైబ్రరీ మూసేదాకా కూర్చున్నానట. తోటి ఉద్యోగి చెబితే తెలిసింది. రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు. చనిపోవాలని అనుకోలేదు. కానీ రేపు ఎందుకు లేవాలి అని ఎవరైనా అడిగితే నా దగ్గర ఒకటే జవాబు ఉండేది. పొద్దున వంటింట్లో చప్పుడు అవుతుంది, అందుకని లేస్తాను. ఆ చప్పుడు ఆగిపోతే ఏమవుతానో నాకు తెలియదు. అత్త ఏదో ఒకరోజు బండ్రికి వెళ్ళిపోతుందేమోనన్న భయంతోనే ఆ ఏడాది గడిచింది. ఆమె సంచి గూట్లోనే ఉందా అని రోజూ చూసేవాణ్ణి.

ఆ తోటి ఉద్యోగే నన్ను ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపించాడు. చిన్న వయసు మనిషి. కన్నడంలో మాట్లాడేది. మాత్రలు తక్కువే రాసింది. ఒక నోటుబుక్కు పెట్టుకోమంది. ఆ రోజు జరిగిన వాటిలో, ఇది జరిగినందుకు బాగుంది, ఇది చేసినవాళ్ళకు కృతజ్ఞత చెప్పుకోవాలి అనిపించినవి మూడు రాయాలి. పెద్దవి అక్కర్లేదు. "దినక్కె మూరు సాకు, సార్" అంది. రోజుకు మూడు చాలట.

ఇది బడిపిల్లలకు ఇచ్చే పని కదా అన్నాను.

"పిల్లలైతే పది రాస్తారు సార్" అంది. "పెద్దవాళ్ళకే మూడు దొరకవు."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఇంటికి వచ్చి ఆ కోపంతోనే మొదలుపెట్టాను.

చాలా రోజులు మూడు దొరకలేదు. "ఈరోజు కరెంటు పోలేదు" అని రాశాను. దానికి ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలియలేదు. ఒకసారి "ఆమె నాతో ఇరవై ఆరేళ్ళు ఉంది" అని రాశాను. డాక్టరమ్మ చూసి చాలా బాగుంది సార్ అంది. నాకు బాగాలేదు. ఆ వాక్యం చదివినప్పుడల్లా ఇచ్చినందుకు కాదు, తీసుకున్నందుకే ఏడుపు వచ్చేది. ఉన్నన్నాళ్ళు ఉన్నందుకు సంతోషించమని పుస్తకాలు చెబుతాయి. నేను ప్రయత్నించాను. నాకు చేతకాలేదు. ఆ వాక్యం కొట్టేశాను. పోయిన మనిషిని వదిలేసి ఆ రోజు సంగతులే రాయడం మొదలుపెట్టాను.

రెండు మూడు నెలలకు వెనక్కి తిప్పి చూస్తే, రాసినవన్నీ దాదాపు అత్త గురించే ఉన్నాయి. "పుంటికూర పచ్చట్లో మిరపకాయ తగ్గించింది. నాకు కడుపులో మంట అని నేను చెప్పలేదు." "చొక్కాకు ఊడిన గుండీ కుట్టింది." "నేను ఆలస్యంగా వచ్చాను. తినకుండా కూర్చుని ఉంది." "నా భార్య దిండు గలీబు ఉతకలేదు. అలాగే మడిచి పెట్టెలో పెట్టింది." ఈ చివరిది చూసిన రోజు నేను బయటికి వెళ్ళి, కోట గుట్ట కనిపించేదాకా నడిచి, మళ్ళీ వచ్చాను.

ఈ అలవాటు పనిచేయదని నేను రాయడం లేదు. నాకు కొంత పనిచేసింది. రాత్రికి నాలుగు గంటలు నిద్ర పట్టేది. రొట్టె రుచి తెలిసేది. మూడు రాయాలి కాబట్టి పొద్దుటి నుంచి వెతికేవాణ్ణి, వెతికేవాణ్ణి కాబట్టి చూసేవాణ్ణి. చూడటం మొదలుపెట్టాక, నాలుగు నెలలుగా నేను ఆ ముసలామె ముఖం వైపే చూడలేదని తెలిసింది. బిడ్డ పోయింది ఆమెకు కూడా. నేను మంచం మీద పడుకుని చప్పుడు వింటూ ఉంటే, ఆ చప్పుడు చేస్తున్నది ఆమె. అయినా ఆమె ఎలా ఉందో అడగలేదు. అడిగే పద్ధతి మాకు లేదు.

మళ్ళీ చలికాలం వచ్చింది. సంవత్సరీకం జరిగింది. కార్యం అయిన రెండు రోజులకు డాక్టరమ్మను కలిశాను. నోటుబుక్కు చూసి, ఇన్ని రాశారు, ఆమెకు ఒక్కటైనా చెప్పారా అని అడిగింది. లేదన్నాను. ఎదురుగా కూర్చోబెట్టి చదివి వినిపించమంది. రాసుకుంటే మేలు మీ ఒక్కరికే, చెబితే ఇద్దరికీ అంది. ఒక చిన్న కానుక కూడా ఇవ్వండి అంది.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. చావు జరిగిన ఇంట్లో నిలబడి పని చేసిన ఆడవాళ్ళను ఏడాది కార్యం అయ్యేదాకా ఉంచుకుంటారు. కార్యం అయ్యాక పళ్ళెంలో కొత్త బట్ట, రెండు అరటిపళ్ళు, ఆకు వక్క పెట్టి ఇస్తారు. మాకు చాలా చేసినావమ్మా అని ఒక మాట చెబుతారు. ఆ మాటతో ఆమె పని అయిపోయినట్టు. మరునాడు ఆమె తన ఊరికి వెళ్ళిపోతుంది. పొమ్మని ఎవరూ అనరు. బట్ట పెట్టడమే ఆ మాట. మా నాయన పోయిన ఏడాదికి మా మేనత్తకు నా చేతులతోనే అలా పెట్టి పంపించాను. నాకు తెలియని పద్ధతి కాదు.

అయినా నేను బజారుకు వెళ్ళి ఒక నూలు చీర కొన్నాను. బూడిద రంగు, సన్న అంచు. ఇంటికి వచ్చి దాన్ని కవరులోంచి తీశాను. పెద్దమనిషికి బట్ట చేతిలో ఎలా పెడతామని పళ్ళెం తీసుకున్నాను. వట్టి పళ్ళెం ఇవ్వకూడదని రెండు అరటిపళ్ళు పెట్టాను. పళ్ళు పెట్టాక ఆకు వక్క లేకపోతే బాగుండదని వీధి చివరికి వెళ్ళి తెచ్చాను. చేతులు వాటికవే చేసుకుపోయాయి. నా తలలో మాత్రం డాక్టరమ్మ చెప్పిన మాట ఒక్కటే ఉంది.

సాయంత్రం అత్త వంటింటి గడపకు ఆనుకుని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. నోటుబుక్కులోంచి ఎంచి రాసుకున్న పదకొండు వాక్యాలు చదివాను. నీళ్ళు పట్టడం, గుండీ, పచ్చడి, గలీబు. చివర్లో, "నువ్వు నాకు చాలా చేసినావత్తా. నేను ఎప్పుడూ చెప్పలేదు" అన్నాను. ఇరవై ఏడేళ్ళలో ఆమెతో నేరుగా అన్న మొదటి పెద్ద మాట అది. 

అత్త కొంగుతో చేతులు తుడుచుకుంది.

"అంతా రాసి పెట్టుకున్నారా?" అంది.

"రాసుకున్నా."

"గలీబు గూడా చూసినారు." పళ్ళెం అందుకుని కళ్ళకు అద్దుకుంది. "సరే నాయనా. ఏడాది అయిపోయ."

ఆ రాత్రి హాయిగా పడుకున్నాను. మరునాడు పొద్దున అత్త కొత్త చీర కట్టుకుని ఉంది. సంచి గూట్లోంచి కిందికి దిగి ఉంది. "బండ్రికి బస్సు ఎన్నింటికి ఉండాదో" అంది. ఏడాదిన్నరగా ఊరికి పోలేదు, తమ్ముణ్ణి చూసి వస్తుందేమో అనుకున్నాను. నేనే ఆటో పిలిచాను. నేనే సండూరు బస్సు ఎక్కించాను. కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాను. "భద్రం నాయనా, పాలు మర్సిపోగాకండి" అంది. ఆ రోజు నోటుబుక్కులో మొదట రాసింది: "అత్తకు చీర నచ్చింది. అప్పుడే కట్టుకుంది."

నాలుగో రోజుకు ఆమె తమ్ముడికి ఫోన్ చేశాను. ఆయన్ను నేను చిన్నాయన అంటాను. వెనకటికి మైనింగు లారీలు నడిపిన మనిషి, గొంతు పెద్దది.

"అత్త ఎప్పుడు వస్తుంది చిన్నాయనా?"

"యాడికి వచ్చేది?"

"ఇంటికి."

"బాగుండాదప్పా. బట్ట పెట్టి పంపిచ్చినోడివి నువ్వే, ఎప్పుడు వస్తుందని అడిగేటోడివీ నువ్వే." ఆయన నవ్వాడు. నేను ఏమీ అనకపోయేసరికి నవ్వు ఆపాడు. "ఏందప్పా, అది బట్ట పెట్టడం గాదా?"

అప్పుడు తెలిసింది. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. పళ్ళెం కడిగి బోర్లించి ఉంది. అరటిపళ్ళు రెండూ తీసుకుపోయింది, పద్ధతి ప్రకారం.

మరునాడే సెలవు పెట్టి బండ్రికి వెళ్ళాను. సండూరులో బస్సు మారాలి. దారి పొడుగునా ఆమెతో ఏం చెప్పాలో కూర్చుకున్నాను. బస్సు దిగేసరికి అందులో ఒక్క వాక్యం కూడా మిగల్లేదు.

చిన్నాయన వాకిట్లో ఉన్నాడు. "రాప్పా రా. మా అక్కకు రిటైర్మెంటు ఇచ్చేస్తివి. సర్టిఫికెట్ గూడా చదివి వినిపిస్తివంట. హారం ఒకటి యాల మరిస్తివో" అన్నాడు. లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది. "ఒరే, ఎండకు వచ్చినాడు. నీళ్ళియ్యి ముందు."

వసారాలో అత్త చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. నన్ను చూసి లేవబోయింది. వద్దని నేనూ కింద కూర్చున్నాను. చిన్నాయన చెంబు నా ముందు పెట్టి, ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి వెళ్ళాడు.

"అత్తా, నేను పొమ్మని చెప్పలేదు. ఉండమని చెప్పడానికే అదంతా."

"ఉండమంటే ఉండు అనల్ల నాయనా. చాలా చేసినావు అంటే, ఇంగ చాలని." ఆమె చేతులు ఆగలేదు. "మన ఇండ్లల్లో సంగటి పెడితే థ్యాంక్స్ చెప్పినోళ్ళను చూసినారా యాడన్నా? ఉప్పు తక్కువాయ అంటారు. మీరు ఆ మాట గూడా ఎప్పుడూ అనల్యా."

"తప్పు నాదే. డాక్టరమ్మ చెప్పింది, నేను ఆలోచించకుండా చేసినాను. బట్ట సంగతి మర్చిపోదాం."

"పెట్టిన బట్ట వెనక్కి తీసుకుంటారా?" అంది. కొంచెం నవ్వింది కూడా. "కట్టి, ఉతికి, ఆరేస్తి. అదో."

తాడు మీద బూడిద రంగు చీర ఆరుతూ ఉంది. ఇక దాచి పెట్టుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు.

"ఆ ఇంట్లో నేను ఒక్కణ్ణే ఉండలేనత్తా" అన్నాను.

అత్త చేతిలోని గింజ పక్కన పెట్టింది. చాలా సేపు చూసింది. అంతసేపు నా ముఖం వైపు ఆమె ఎప్పుడూ చూడలేదు.

"తెలుసు నాయనా. అందుకే ఉంటిని. ఏడాది ఉంటిని." ఆగింది. "నా వల్ల గూడా కాల్యా. అది పండుకున్న రూము పక్కనే దినామూ పిండి కలుపుతా, దాని చెంబుతోనే నీళ్ళు పోసుకుంటా. పొద్దున్నే లేస్తే అది పిలిచినట్లే ఉంటుండె. ఎట్ల పోవల్ల, ఏమని చెప్పి పోవల్ల అని మొక్కుకుంటాంటి. మీరు పళ్ళెం తెచ్చి చేతిలో పెడితిరి. నా పని అయిపోయ అని చెప్తిరి. ఆ పొద్దు నాకు నిద్ర వచ్చ. ఏడాదికి."

నేను చెంబెత్తి నీళ్ళు తాగాను.

"మీరు తెల్లక చేసినారని ఈడికి వచ్చినంక నా తమ్ముడు చెప్పినాడు. తెల్లక చేసినా మంచే చేసినారు నాయనా. నాకు." కాసేపటికి, "నన్ను మళ్ళా రమ్మనగాకండి. రమ్మంటే వస్తాను" అంది.

రమ్మంటే వస్తుంది. అది నాకు తెలుసు. ఆ మాట నా నోట్లోనే ఉంది. వసారాలో కూర్చున్నంత సేపూ ఉంది. భోజనం పెట్టింది. పుంటికూర పప్పు, జొన్న రొట్టె. ఉప్పు తక్కువైందని అనాలనుకున్నాను. తక్కువ కాలేదు. అనలేదు. రమ్మని కూడా అనలేదు. సాయంత్రం బస్సు ఎక్కాను.

డాక్టరమ్మకు ఈ సంగతి చెబితే, ఆమెకు మేలు జరిగింది కదా సార్, అది కూడా రాసుకోండి అంది. ఆ పిల్ల మంచి మనసుతోనే అంది. నిజం కూడా. రాయడానికి కూర్చున్నాను. "అత్తకు నిద్ర వస్తోంది" అని రాశాను. దానికి నేను సంతోషించాలి. ఎంత ప్రయత్నించినా, ఆమె నిద్రపోవడానికి నేను ఖాళీ ఇంట్లో ఉండాలి అన్న సంగతే కనిపించింది. మంచి జరిగిందని తెలుసు. తెలిస్తే సరిపోతుందని చాలా చోట్ల చదివాను.

ఇప్పుడు పొద్దున వంటింట్లో చప్పుడు లేదు. అయినా లేస్తున్నాను. దాన్ని ధైర్యం అనను. ఒంటికి లేవడం అలవాటు, అంతే. స్టవ్ మీద పాలు పెట్టి చూస్తూ నిలబడతాను. "పాలు కాగినాయి" అని పైకి అంటాను ఒక్కోసారి. వినేవాళ్ళు లేరు.

తర్వాత ఒక మూడు ఆదివారాలు బండ్రికి వెళ్ళాను. ఊరికే చూసి వద్దామని. మొదటి ఆదివారం నా కోసం ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఓళిగలు చేసింది అత్త, పండక్కి వచ్చిన అల్లుడికి చేసినట్టు. నేను తినేదాకా తలుపు వెనక నిలబడింది. రెండో ఆదివారం కూడా ఓళిగలే. ఊరికి వెళ్ళినప్పుడు నేను చుట్టాన్ని. సత్యనారాయణపేటలో కలిసి పాత సంగటి తిన్న ఇద్దరం అక్కడ లేం. నన్ను చూసినప్పుడల్లా ఆమె ముందు నా పక్కన చూసేది, ఇంకెవరో వస్తారన్నట్టు. ఆ తర్వాత నా ముఖం చూసేది.

మూడో ఆదివారం చిన్నాయన నాతో బస్సు దాకా వచ్చాడు. దారిలో ఎగతాళి ఏమీ చేయలేదు. బస్సు కనిపించాక చెప్పాడు.

"ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోగాకప్పా. నువ్వు వచ్చి పోయినంక అక్కకు రెండు దినాలు కూడు దిగదు. మళ్ళా మూలకు పోయి కూసుంటాది. తక్కిన దినాలు బాగనే ఉండాది. పక్కింటోళ్ళతో నవ్వుతాండాది గూడా. నిన్ను రావద్దని చెప్పడం ల్యా. చూసింది చెప్తాండా."

"సరే చిన్నాయనా" అన్నాను.

"నువ్వు తినప్పా బాగా" అన్నాడు. బస్సు తలుపు మీద చేత్తో రెండుసార్లు తట్టాడు, లారీ పంపించినట్టు.

నేను ఆదివారాలు బండ్రికి వెళ్ళడం లేదు.